కాసినో ఓడ ఎక్కనివాళ్లకు పనాజీ: ఓరుగల్లు వైపు నుంచి పోయేవారి కోసం రివ్యూ

వరంగల్, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గోవా పోయే గుంపులు ఎక్కువగా రెండు రకాలు. విత్తనాల కంపెనీ తన డీలర్లను తీసుకుపోయే టూర్ ఒకటి, చిట్టీ దోస్తులు కలిసి పెట్టుకునే ట్రిప్పు ఇంకొకటి. ఏ గుంపైనా పొద్దుగూకగానే సగం మంది పనాజీలో మాండవి నది మీద నిలిచి ఉన్న కాసినో ఓడల దారి పడతారు. మిగతా సగం మందికి ఆట మీద మనసుండదు, లేదా చంకలో పిల్లలుంటారు, లేదా 21 ఏళ్లు నిండవు. వాళ్లు గదిలో టీవీ పెట్టుకుని పడుకుంటారు. ఈ రివ్యూ ఆ సగం మంది కోసం.

తీర్పు ముందే: ఆట ఆడని మనిషికి కాసినో ఓడ ఐదుకు ఒకటిన్నర. అదే మనిషికి పనాజీ, దాని చుట్టూ యాభై అరవై కిలోమీటర్లు ఐదుకు నాలుగున్నర. ఆ సగం మార్కు తగ్గింది టాక్సీల వల్ల. దాని సంగతి కింద ఉంది.

ఓడ టికెట్టు లెక్క

ప్రవేశానికి కట్టే ప్యాకేజీలో బఫే, తాగుడు, కొంత విలువకు చిప్స్ కలిపి ఇస్తారు. చాలామంది ఆ చిప్స్ చూసి టికెట్టు సగం వెనక్కి వచ్చినట్టే అనుకుంటారు. రాదు. ప్యాకేజీతో వచ్చే చిప్స్ ఒక్కసారి బల్ల మీద పెట్టడానికే పనికొస్తాయి, కౌంటర్లో ఇచ్చి నగదు తీసుకోలేరు. గెలిచినప్పుడు వచ్చే చిప్స్‌కే డబ్బులిస్తారు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా రేటు పెరుగుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి కాసినోల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతానికి పోయింది. అందుకే రెండేళ్ల కింద పోయి వచ్చినవాళ్లు చెప్పే రేట్లు పట్టుకుని బడ్జెట్ వేసుకోకండి. నిక్కరు, హవాయి చెప్పులతో పోయిన మగవాళ్లను గేటు దగ్గరే ఆపడం మామూలు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు అసలుదే చూపాలి.

ఆడకుండా తిని, స్టేజి మీద డాన్సు చూసి వద్దామంటే అదీ కుదిరే పనే. కానీ ఓడ నది మధ్యలో ఉంటుంది. జెట్టీ నుంచి చిన్న పడవలో తీసుకుపోతారు, తిరిగి రావడమూ ఆ పడవ వచ్చినప్పుడే. పిల్లవాడు ఏడ్చాడనో, తలనొప్పి లేచిందనో అనుకున్న నిమిషంలో బయట పడలేరు. పైగా రాత్రి రెండింటికో మూడింటికో గదికి చేరితే మరుసటి పొద్దు పోయినట్టే. పనాజీలో చూడదగ్గదంతా ఉదయం ఏడు నుంచి పదకొండు మధ్యలోనే బాగుంటుంది. ఓడ టికెట్టులో రాయని ఖర్చు అది.

ఓడల లైట్లు చూడటమే సరదా అయితే పైసా అక్కర్లేదు. పనాజీ జెట్టీ నుంచి అవతలి ఒడ్డున బెతిం ఊరికి సర్కారు ఫెర్రీ తిరుగుతుంది. నడిచి ఎక్కేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోరు. దాటడానికి కొద్ది నిమిషాలే. రాత్రి ఏడు తర్వాత ఎక్కి, అవతల దిగి, టీ తాగి, ఇంకో ఫెర్రీలో వెనక్కి వస్తే వెలుగులతో నిండిన ఓడలన్నీ రెండుసార్లు కనబడతాయి. శాంటా మోనికా జెట్టీ నుంచి పోయే గంట సేపటి సాయంత్రం క్రూయిజ్‌కు టికెట్టు కొనేవాళ్లు ఒక్కటి చూసుకోవాలి. గోవా పర్యాటక సంస్థ పడవలో కొంకణి జానపద నాట్యాలు వేస్తారు, కుటుంబంతో కూర్చోవచ్చు. జెట్టీ బయట చేయి పట్టుకుని టికెట్టు అమ్మేవాళ్ల పడవల్లో డీజే పెట్టి జనాన్ని స్టేజి మీదికి పిలుస్తారు. బోర్డు చూసి కౌంటర్లోనే కొనండి.

పోవడం, ఉండటం

2024 అక్టోబర్‌లో మొదలైన సికింద్రాబాద్–వాస్కో డ గామా రైలు మన వైపు వాళ్లకు బాగా పనికొచ్చింది. బుధ, శుక్రవారాల్లో ఉదయం పది దాటాక సికింద్రాబాద్‌లో బయలుదేరి, మహబూబ్‌నగర్, కర్నూలు, గుంతకల్, హుబ్బళ్లి మీదుగా మరునాడు తెల్లవారుజామున గోవాలో దింపుతుంది. తిరుగు రైలు గురు, శనివారాల్లో ఉదయం తొమ్మిది ప్రాంతంలో వాస్కో నుంచి. ఈ రోజుల లెక్క ముందే చూసుకోవాలి. బుధవారం ఎక్కి శనివారం తిరిగితే గోవాలో మీకు దొరికేది గురు, శుక్రవారాలు, రెండే రోజులు. శుక్రవారం ఎక్కి గురువారం తిరిగితే శని నుంచి బుధ దాకా అయిదు రోజులు. పిల్లలతో పోయేవాళ్లకు రెండోదే నయం.

గుంపులు బోల్తా పడేది సికింద్రాబాద్ చేరడంలోనే. కాజీపేట నుంచి అక్కడికి 130 కిలోమీటర్లకు పైన, మామూలుగా రెండు గంటలు. ఎనిమిదింటి రైలు ఎక్కి పదింటి రైలు అందుకుందామంటే మౌలాలి దగ్గర సిగ్నల్ పడగానే గుండె దడ. ఉదయం ఆరు లోపు కదిలే బండి చూసుకోండి, లేదా ముందు రాత్రే పోయి పడుకోండి. కరీంనగర్ వాళ్లు జేబీఎస్ (జూబ్లీ బస్టాండు)లో దిగుతారు కాబట్టి స్టేషన్ దగ్గరే, కానీ బస్సు శామీర్‌పేట దాటాక ట్రాఫిక్ మీ చేతిలో ఉండదు.

పనాజీకి పోయేవాళ్లు వాస్కో దాకా కూర్చోకుండా మడ్గావ్‌లో దిగాలి. అక్కడి నుంచి పనాజీ 33 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గోవా సర్కారు వారి కదంబ బస్సులు ఆగకుండా తీసుకుపోతాయి. రైల్వే స్టేషన్, బస్టాండ్ పక్కపక్కన లేవు, మధ్యలో ఆటో పట్టాలి. విమానంలో పోతే రెండు ఎయిర్‌పోర్టులున్నాయని మరవొద్దు. దక్షిణాన దబోలిం, ఉత్తరాన 2023 జనవరిలో మొదలైన మోపా. టికెట్టు మీద జీఓఐ అని ఉంటే దబోలిం, జీఓఎక్స్ అని ఉంటే మోపా. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఇంకొకటి పడితే టాక్సీ బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి.

ఉండేది మాత్రం పనాజీలోనే. బాగా బీచ్, కలంగూట్ బీచ్‌ల దగ్గర గది తీసుకుని పనాజీ చూడటానికి రోజూ వచ్చిపోదామనుకోవడం దండుగ పని. పదిహేను కిలోమీటర్లే అయినా సాయంత్రం ఆ రోడ్డు కదలదు. గోవాలో ఓలా, ఉబర్ లేవు. గోవామైల్స్ యాప్ ఉంది, కొన్ని చోట్లకు ఆ బండ్లు కూడా రావు. స్టాండు టాక్సీ చెప్పిందే ధర. అందుకే నడకతో, కదంబ బస్సుతో సగం పని అయ్యే పనాజీ మేలు. అద్దెకు స్కూటర్ తీసుకుంటే నల్ల పలక మీద పసుపు అక్షరాలున్న నంబర్ ప్లేటే తీసుకోండి. తెల్ల ప్లేటు బండి సొంత వాడకానిది, అద్దెకివ్వడం చట్టవిరుద్ధం, పోలీసు ఆపితే జరిమానా మీ నెత్తినే. తీసుకునే ముందు గీతలన్నీ ఫోన్లో వీడియో తీసుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు వచ్చే పంచాయితీ అక్కడే తెగిపోతుంది.

ఫాంటెన్హాస్, పొద్దున ఏడున్నరకు

పనాజీలో పోర్చుగీసుల కాలపు పేట ఇది. పసుపు, నీలం, ఇటుక ఎరుపు గోడలు, పెంకుల కప్పులు, ఆల్చిప్ప పలకలతో చేసిన పాత కిటికీలు. తెల్ల రంగు చర్చిలకే వదిలి ఇళ్లకు రంగులు వేయాలనే పద్ధతి పాత పాలనలో ఉండేదని చెబుతారు. పదింటికి పోతే ఫోటోల గుంపులు తప్ప గోడ కనబడదు. నడక ఇలా పెట్టుకోండి: చర్చి స్క్వేర్‌లో మెలికల మెట్లున్న ఇమ్మాక్యులేట్ కన్సెప్షన్ చర్చి దగ్గర మొదలు, ఆల్టిన్హో గుట్ట ఎక్కి, మారుతి గుడి మెట్ల మీదుగా ‘మాల’ అనే పేటలోకి దిగి, పాత ఊట బావి చూసుకుని, ఫాంటెన్హాస్ సందుల్లోంచి సెయింట్ సెబాస్టియన్ ప్రార్థన మందిరం, 31 జనవరి రోడ్డు, చివరకు ఊరెం వాగు పక్కకు. ఆగుతూ నడిస్తే రెండు గంటలు. వాగు దాటితే కదంబ బస్టాండే, అక్కడి నుంచి అదే ఊపులో ఓల్డ్ గోవా బస్సు ఎక్కవచ్చు.

ఇక్కడ జనం కాపురముంటున్నారు. మెట్ల మీద కూర్చుని, కిటికీలో తల పెట్టి ఫోటోలు దిగేవాళ్లతో విసిగి చాలా ఇళ్లు ‘ఫోటోలు వద్దు’ అని బోర్డులు పెట్టుకున్నాయి. బతుకమ్మ పేర్చుకుంటుంటే ఎవరో వచ్చి వాకిట్లో నిలబడి రీల్ తీస్తే మనకెలా ఉంటుందో ఆలోచించుకుని నడవండి.

తిండి ఇక్కడే కానివ్వండి. గోవా వాళ్ల పొద్దుటి పలారం బాజీ–పావు. ముంబయి పావ్‌బాజీ అనుకుంటే పొరపాటు. బంగాళదుంప కూర వేరు, పలుచని పాతళ్ బాజీ వేరు, బొబ్బర్ల లాంటి అల్సాందె గింజల కూర వేరు, రెండు కలిపి కూడా ఇస్తారు. శాకాహారులకు పనాజీలో దీన్ని మించిన భరోసా లేదు. తవుడు అంటిన పొయ్ రొట్టె దొరికితే పావు వదిలి అదే అడగండి. మధ్యాహ్నం చేపల థాలీ: రవ్వ అద్ది వేయించిన చేప, కొబ్బరి పులుసు, ఎండు రొయ్యల కిస్మూర్, కోకం అనే పుల్లటి పండుతో చేసే సోల్‌కడి పానీయం. మన చింతపండు పులుసుకు అలవాటైన నోటికి ఆ కొబ్బరి పులుసు మొదట చప్పగా అనిపిస్తుంది. అందులో పులుపు కోకంది, మెల్లగా తగులుతుంది. పచ్చ మసాలా పట్టించిన చికెన్ కఫ్రియాల్ మాత్రం ఎవరికైనా మొదటి ముక్కకే నచ్చుతుంది. సాయంత్రం బండ్ల దగ్గర రోస్ ఆమ్లెట్ అని కోడికూర రసంలో ముంచిన ఆమ్లెట్టు పెడతారు, పావుతో ఒక ప్లేటు ఇద్దరికి సరిపోదు. తీపిలో బేబింకా. గుడ్డు పచ్చసొన, కొబ్బరిపాలు, పిండి, చక్కెర, నెయ్యి కలిపి ఒక్కో పొర కాల్చి దాని మీద ఇంకో పొర పోస్తారు, ఏడు పొరలకు తగ్గదు. 2023లో దీనికి జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే) గుర్తింపు వచ్చింది. గుడ్డు తిననివాళ్లు దూరం ఉండాలి. పొరలు విడివిడిగా వచ్చి, అంచు ముదురు గోధుమ రంగులో ఉంటే మంచిది. గట్టి కేకులా ఉందంటే ఫ్రిజ్‌లో ఎన్నాళ్ల నుంచో ఉంది.

ఓల్డ్ గోవా: రెండు చర్చిలు చూసి రావొద్దు

పనాజీ నుంచి పది కిలోమీటర్లు. బస్సు 1630లలో కట్టిన రిబందర్ కట్ట మీదుగా పోతుంది, ఎడమ వైపు కూర్చుంటే నది. చాలా టూర్ బస్సులు ఇక్కడ నలభై నిమిషాలు ఆగి బోమ్ జీసస్ బసిలికా, ఎదురుగా సె కతీడ్రల్ చూపించి ఎక్కించుకుపోతాయి. ఇంత అన్యాయం ఇంకోటి లేదు. కనీసం మూడు గంటలు కావాలి.

బోమ్ జీసస్ 1605లో పూర్తయింది. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ అవశేషాలు ఇక్కడే ఉన్నాయి. ఆయన 1552లో చైనా తీరంలో చనిపోయాడు. వెండి పేటిక 1637లో గోవా కంసాలులు చేసింది. దాని కింది పాలరాతి పీఠం ఇటలీలో టస్కనీ ప్రభువు పంపగా 1698లో నిలబెట్టింది. బయటికి వచ్చి గోడలు చూడండి. చుట్టుపక్కల చర్చిలన్నీ తెల్ల సున్నంతో మెరుస్తుంటే ఇదొక్కటే ఎర్రగా, ముతకగా ఉంటుంది. 1950లలో పోర్చుగీసు అధికారులు పాతదనం కనబడాలని గిలాబు చెక్కించేశారు. లాటరైట్ అనే ఈ ఎర్ర రాయికి రంధ్రాలు ఎక్కువ, గోవా వాన నీటిని పీల్చుకుంటుంది. ఆ గిలాబు దాని రెయిన్‌కోటు. మళ్లీ వేయాలా వద్దా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. ఖిలా వరంగల్ మట్టికోట, రాతికోట చూసి పెరిగినవాళ్లకు ఈ గోడ దగ్గర అయిదు నిమిషాలు నిలబడితే మస్తు విషయాలు తడతాయి.

సె కతీడ్రల్‌కు రెండో గోపురం లేదు, 1776లో కూలింది. పక్కనే పురావస్తు శాఖ మ్యూజియం, శుక్రవారం మూత. బుధవారం రైలెక్కి శుక్రవారం ఓల్డ్ గోవా పెట్టుకున్నవాళ్లు ఇక్కడే నష్టపోతారు, గురువారమే పోవాలి. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి, పదిన్నర దాకా పర్యాటకులకు బసిలికాలో దారి ఉండదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి.

అసలు వదలకూడనిది టూర్ బస్సు తీసుకుపోని చోటు: పది నిమిషాలు గుట్ట ఎక్కితే సెయింట్ అగస్టీన్ శిథిలాలు. 46 మీటర్ల ఎత్తు గోపురంలో ఇప్పుడు నిలిచింది సగమే. 1842లో కప్పు పడిపోయింది, 1931లో ముఖభాగంతో పాటు గోపురంలో సగం. ఇక్కడి గంటను 1871లో పనాజీ చర్చికి మార్చారు. పొద్దున మీరు నడక మొదలుపెట్టిన మెట్ల పైన వేలాడేది అదే. ఇంకో విశేషం మన వైపుది. జార్జియా రాణి కెటెవాన్‌ను 1624లో పర్షియాలో చంపితే, ఆమె ఎముకలు కొన్నిటిని అగస్టీన్ సన్యాసులు ఇక్కడికి తెచ్చారు. తవ్వకాల్లో దొరికిన ఎముక ఆమెదేనని తేల్చే డీఎన్ఏ పరీక్ష చేసింది హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. 2021లో ఆ అవశేషాలను భారత్ జార్జియాకు అప్పగించింది. ఇంత కథ ఉన్న చోట సరైన వివరాల బోర్డు కోసం వెతుక్కోవాల్సి రావడం చిరాకే. ఎండకు నీడ లేదు, నీళ్లు కింద నుంచే తీసుకుపోవాలి.

దూద్‌సాగర్, తాంబ్డీ సుర్లా: ఒకే రోజు, ఒకే దిక్కు

పనాజీకి తూర్పున అరవై కిలోమీటర్ల దూరంలో కుళెం. దూద్‌సాగర్ జలపాతం జీపులు ఇక్కడి నుంచే. నాలుగంచెలుగా 310 మీటర్లు దూకే ఈ నీళ్లు మాండవి నదివే, అంటే కాసినో ఓడల కింద పారేవే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా జీపులు బంద్. అక్టోబర్ మొదట్లో మళ్లీ తెరుస్తారు, వాన ఆగకపోతే ఇంకొన్ని రోజులు జరుగుతుంది. కాబట్టి మన దసరా సెలవుల చివర, దీపావళి దగ్గర నీళ్లు నిండుగా, దారి తెరిచి ఉండే సమయం. సంక్రాంతికి పోతే నీళ్లు పరవాలేదు. ఏప్రిల్, మే నెలల్లో పోతే గోడ మీద తడి మరక చూసి రావడమే, జీపు పైసలు దండుగ.

జీపుకు ఏడుగురు. ముగ్గురే పోతే మిగతా నలుగురు దొరికేదాకా ఆగాలి, లేదా ఏడు సీట్ల డబ్బూ కట్టాలి. అటవీ ప్రవేశ రుసుం, లైఫ్ జాకెట్ అద్దె వేరుగా ఉంటాయి. ఉదయం ఎనిమిదిలోపు కౌంటర్ దగ్గర ఉండండి, పది దాటితే సీజన్‌లో ఆ రోజు జీపు దొరకకపోవచ్చు. అడవిలో ముప్పావు గంట, వాగులు దాటుతుంటే కాళ్ల దగ్గరికి నీళ్లు వస్తాయి, ఫోన్లు కవర్లో పెట్టుకోండి. దిగాక బండరాళ్ల మీద కొంత నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టం. కోతులు చేతిలోని సంచి లాక్కుపోతాయి. జాకెట్ లేకుండా నీళ్లలోకి దిగొద్దు, ఈత వచ్చినా సరే, నీటి కింద రాళ్లు నాచు పట్టి ఉంటాయి.

రైలు పట్టాల మీద నడిచి జలపాతానికి పోయే వీడియోలు చూసి కుర్రాళ్లు ఉత్సాహపడతారు. రైల్వే చట్టం కింద అది నేరం, ఆర్పీఎఫ్ వాళ్లు పట్టుకుని వెనక్కి పంపడమే కాదు, కేసు కూడా పెడతారు.

మధ్యాహ్నం ఒంటి గంటకు జీపు తిరిగి వస్తుంది. డ్రైవర్లు నేరుగా పనాజీ పోదామంటారు, ఒప్పుకోవద్దు. అదే దిక్కున మొల్లెం దాటాక అడవి అంచున తాంబ్డీ సుర్లా మహాదేవ గుడి ఉంది. గోవా కదంబుల కాలపుది, పన్నెండు, పదమూడు శతాబ్దాల పని. వేయిస్తంభాల గుడి 1163, రామప్ప 1213 అని తలచుకుంటే ఇది మన కాకతీయుల నాటిదే. గోవా అంతా ఎర్రటి లాటరైట్ నేల, ఈ గుడి మాత్రం నల్ల బసాల్ట్. ఆ రాయి ఇక్కడిది కాదు, కనుమల అవతలి నుంచి తేవాల్సిందే. రామప్ప చూసిన కళ్లకు ఇది చిన్న గుడి, మదనికలు లేవు. కానీ కప్పులో చెక్కిన పద్మం, స్తంభాల నునుపు, మంటపంలో తల లేని నంది చూస్తే చుట్టరికం తెలుస్తుంది. ఊళ్లకు దూరంగా అడవిలో ఉండటం వల్లే ఇది మిగిలిందని అంటారు. పక్కన వాగు, చుట్టూ చెట్లు, కొనుక్కోవడానికి పెద్దగా ఏమీ దొరకదు. ఈ రివ్యూలో ఐదుకు ఐదు పడ్డది దీనికొక్కదానికే.

తిరుగు దారిలో పోండా. మంగేశీ గుడి దీపస్తంభం, కవళెం శాంతాదుర్గ గుడి చూడవచ్చు. నిక్కర్లతో రానివ్వరు, కారులో ఒక పంచె పెట్టుకోండి. పోండా చుట్టూ సుగంధ ద్రవ్యాల తోటలున్నాయి, టికెట్టులోనే భోజనం. నిజామాబాద్, జగిత్యాల రైతులకు పసుపు మొక్క చూపిస్తే నవ్వొస్తుంది గానీ, జాజికాయ, కోకో, చేత్తో పరాగం అంటించే వనిల్లా తీగ మన దగ్గర కనబడవు. పోకచెట్టు ఎక్కి ఒక చెట్టు నుంచి పక్క చెట్టుకు ఊగి దూకే పనివాళ్లను చూడటానికే టికెట్టు గిట్టుబాటు. చివర్లో తోట దుకాణంలో ఆగబుద్ధేస్తుంది. మిరియాలు, యాలకులు పనాజీ మార్కెట్లో తక్కువకే వస్తాయి.

మిగిలినవి, త్వరగా

రిబందర్ నుంచి ఫెర్రీ దాటితే చోరావ్ దీవిలో సలీం అలీ పక్షుల ఆశ్రయం. మడ అడవుల మధ్య చిన్న పడవలో తిప్పుతారు. పోటు మీద పోతే పడవ లోపలి పాయల్లోకి పోతుంది, పాటు మీద పోతే పడవ ఆగిపోతుంది గానీ బురద మీద కొంగలు, ఎండ్రకాయలు, బురదలో గెంతే చేపలు కనబడతాయి. ముందు రోజు పోటు వేళ అడిగి తెలుసుకోండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య తప్ప పిల్లలకు విసుగు. పన్నెండింటి ఎండలో పోతే పక్షీ ఉండదు, ఓపికా ఉండదు.

బెతిం ఫెర్రీ దిగి మూడు కిలోమీటర్లు పోతే రైశ్ మాగుశ్ కోట. అగువాదా కోట కంటే చిన్నది, జనం తక్కువ, బాగుచేసిన పని మాత్రం ఎంతో శుభ్రం. లోపల కార్టూనిస్ట్ మారియో మిరాండా బొమ్మల గది. సోమవారం మూత. పిల్లలున్నవాళ్లకు మీరామార్‌లో సైన్స్ సెంటర్, దబోలిం విమానం పట్టుకునేవాళ్లకు బోగ్మాలో దారిలో నౌకాదళ విమానాల మ్యూజియం రెండు గంటలు బాగా గడిపేస్తాయి. నవంబర్ చివర్లో అయితే ఇఫీ సినిమా పండుగ పనాజీలోనే. డోనా పౌలాకు పోకపోయినా నష్టం లేదు.

సముద్రం గురించి ఒక్కటే మాట. గోదావరిలో, చెరువుల్లో ఈత నేర్చినవాడికి అలల కింద లోపలికి లాగే ప్రవాహం తెలియదు, నేరుగా ఒడ్డుకు ఈదబోయి అలసిపోతాడు. ఎర్ర జెండా ఉన్న చోట దిగొద్దు. లాగుతున్నట్టనిపిస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. లైఫ్‌గార్డులు సాయంత్రం దాకే, రాత్రి తాగి దిగేవాళ్లను చూసేవాళ్లుండరు.

తెచ్చుకునేవి

జీడిపప్పు కొనేటప్పుడు డబ్బా మీద డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ఉంటుంది. ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, తూగే పప్పుల సంఖ్య అది. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది. ‘గోవా జీడి’ అని రోడ్డు పక్క అమ్మేదంతా గోవాది కాదు, బయటి దేశాల నుంచి వచ్చి ఇక్కడ వేగింది చాలా ఉంటుంది. నాలుగు గింజలు నమిలి, మెత్తబడినవి వదిలేయండి. మిర్చి వ్యాపారం తెలిసిన వరంగల్ ఎనుమాముల మార్కెట్ వాళ్లకు ఖోళా మిర్చి చూడదగ్గది. దానికి 2020లో జీఐ వచ్చింది, మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో. రెండూ పేరు తెచ్చుకున్నది రంగుతోనే, ఘాటుతో కాదు.

ఫేనీ గోవా సారా. జీడిమామిడి పండ్ల రసం పులియబెట్టి మొదటిసారి దించితే ఉర్రాక్, మళ్లీ దించితే ఫేనీ. ఉర్రాక్ మార్చి నుంచి మే దాకే దొరుకుతుంది. కొబ్బరి ఫేనీకి మూలం కల్లే, కాబట్టి కల్లు తెలిసినవాళ్లకు దాని వాసన కొత్తగా ఉండదు. జీడి ఫేనీ వాసనకు మాత్రం సగం మంది గ్లాసు పక్కన పెట్టేస్తారు. సీసా కొనే ముందు చిన్న పెగ్గు రుచి చూడండి.

సీసాలు సంచిలో వేసుకుని రైలెక్కే ఆలోచనే వద్దు. గోవాలో పన్ను తక్కువ కట్టిన మద్యాన్ని పర్మిట్ లేకుండా తెస్తే తెలంగాణ ఎక్సైజ్ వాళ్లు ఎన్‌డీపీఎల్ (ఇక్కడ సుంకం కట్టని మద్యం) కింద పట్టుకుంటారు. వాస్కో రైల్లో, శంషాబాద్ ఎయిర్‌పోర్టులో తనిఖీలు చేస్తూనే ఉన్నారు. దుకాణం బిల్లు చూపిస్తే సరిపోతుందని గోవా షాపువాడు చెబుతాడు. ఆ బిల్లు గోవాలో కొన్నట్టు రుజువు చేస్తుందే తప్ప తెలంగాణలోకి తెచ్చుకునే అనుమతి కాదు. బేబింకా, జీడిపప్పు, కోకం ఎన్ని కిలోలైనా తెచ్చుకోవచ్చు. బేబింకా బయట రెండు మూడు రోజులు ఆగుతుంది, కాబట్టి రైలెక్కే ముందు రోజు సాయంత్రమే కొనండి.